ప్రయాణానికి పుట్టిన కుండీ

క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలై పొంపే నగరం బూడిద కింద కూరుకుపోయింది. ఆ బూడిదలో ఇళ్లు, గోడల మీది బొమ్మలు, మనుషుల ఆకారాలు దొరికాయని చాలామందికి తెలుసు. తోటలు కూడా దొరికాయి. అమెరికా చరిత్రకారిణి విల్హెల్మీనా జషెమ్‌స్కీ 1961లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి పొంపే పెరళ్లను తవ్వించారు. చెట్ల వేళ్లు కుళ్లిపోయి మిగిలిన బొరియల్లో సిమెంటు పోయించి, అది గట్టిపడ్డాక చుట్టూ ఉన్న మట్టి తీయించేవారు. అప్పుడు దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి వేరు అచ్చు గుద్దినట్టు బయటపడేది. కొన్నిచోట్ల ఆ వేళ్ల చుట్టూ చిన్న మట్టికుండలు కూడా కనిపించాయి. కుండకు అడుగున ఒక చిల్లు, పక్కల మూడు. కుండ మొత్తం నేలలో పూడ్చి ఉంది. చిల్లుల్లోంచి వేళ్లు బయటికి పాకాయి.

చూసేవాళ్ల కోసం అరుగు మీద పెట్టుకున్న కుండీలు కావివి. ఎక్కడో పెంచిన మొక్కను కుండతోనే మోసుకొచ్చి, కుండతోనే పాతేశారు. పని అయిపోయింది కాబట్టి కుండ సంగతి మర్చిపోయారు. మొక్కల పాత్రల చరిత్రను చాలాచోట్ల తవ్వితే ఇదే తేలుతుంది. కుండీ పుట్టింది మొక్కను ఒకచోట నుంచి ఇంకోచోటికి చేర్చడానికి. ఇంట్లో స్థిరపడటం చాలా ఆలస్యంగా, కొంత మొహమాటంగా జరిగిన పని. ఇవాళ బాల్కనీలో మొక్కలు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియాలంటే ఈ ప్రయాణాల కథ కాస్త తెలియాలి.

పొంపే కంటే పదిహేను వందల ఏళ్ల ముందే ఈజిప్టు రాణి హత్షెప్సుట్ పుంట్ దేశానికి ఓడలు పంపింది. తెప్పించిన వాటిలో ధూపపు చెట్లున్నాయి. దైర్ అల్-బహ్రీలోని ఆమె ఆలయం గోడల మీద ఆ దృశ్యం ఇప్పటికీ ఉంది. వేళ్ల మట్టిగడ్డతో చెట్టును బుట్టలో కూర్చోబెట్టి, బుట్టను కర్రలకు కట్టి, మనుషులు భుజాల మీద మోస్తున్నారు. మన ఊళ్లలో కావడి మోసే తీరే. మొక్కను దూరం తీసుకెళ్లిన సంగతి బొమ్మగా మనకు మిగిలిన అతి పాత సాక్ష్యాల్లో ఇదొకటి. అందులో పాత్ర అంటే బుట్ట.

రోమన్ రచయిత ప్లినీ మాదీఫలం గురించి రాస్తూ, దాన్ని వేరే దేశాలకు తరలించడానికి వేళ్లకు గాలి ఆడేలా చిల్లులు పెట్టిన మట్టిపాత్రల్లో నాటి ప్రయత్నించారని చెప్పాడు. ఆయన చనిపోయింది కూడా ఆ వెసూవియస్ దుర్ఘటనలోనే. అంతకు రెండు వందల ఏళ్ల ముందు మరో రోమన్ రచయిత కేటో ఇంకో ఉపాయం రాసిపెట్టాడు. చిల్లికుండలోంచి కొమ్మను పైకి లాగి, కుండను మట్టితో నింపి చెట్టుకే వేలాడదీయాలి. కొమ్మకు వేళ్లు దిగాక కుండ కింద కోసి, కుండతో సహా తీసుకెళ్లి నాటాలి.

ఇలాంటి పని తెలుగు తోటలకు కొత్తేమీ కాదు. మామిడి అంట్లు కట్టే పాత పద్ధతి చూసినవాళ్లకు కేటో రోమన్‌లా కాదు, పక్క ఊరి తోటమాలిలా కనిపిస్తాడు. టెంక నుంచి మొలిచిన మొక్కను ముందు చిన్న కుండలో పెంచేవారు. కాండం పెన్సిలంత లావు తేలాక కుండను తల్లిచెట్టు దగ్గరికి తెచ్చేవారు. కొమ్మ కిందికి అందకపోతే చెట్టు చుట్టూ మంచె కట్టి, కుండలను దాని మీద వరసగా పేర్చేవారు. మొక్కకూ కొమ్మకూ ఒకే కొలతలో బెరడు చెక్కి, చెక్కిన చోట్లు రెండూ ఆనించి గట్టిగా కట్టేవారు. రెండు మూడు నెలలు మంచె ఎక్కి కుండలకు నీళ్లు పోయాలి. అతుక్కున్నాక మొక్క తలను పైన, తల్లి కొమ్మను కింద కోస్తే కుండలో అంటు తయారు. బంగినపల్లి లాంటి రకాలు ఒక తోట నుంచి ఇంకో తోటకు పాకింది ఇలాంటి అంట్లతోనే. ఆ కుండ కూడా మొక్క భూమిలోకి దిగేదాకానే. కుమ్మరి చేసిన పాత్రల్లో ఇంత తక్కువ గౌరవం పొందింది ఇంకోటి లేదేమో.

ఇంట్లో మాత్రం కుండీ అవసరమే ఉండేది కాదు. పెరడు ఉంది, బావి గట్టు ఉంది. అంట్లు తోమిన నీళ్లు పోయే చోట అరటి, గోడవార పాదు చేసి బీర, గుమ్మం పక్కన మల్లె. నేల ఉన్నవాడు మట్టిని గిన్నెలో ఎందుకు పోస్తాడు?

రెండే మినహాయింపులు కనిపిస్తాయి. ఒకటి తులసికోట. నడుమ వాకిట్లోనో పెరట్లోనో కట్టి, సున్నం వేసి, కావి పట్టీలు దిద్ది, దీపం పెట్టడానికి గూడు వదిలేవారు. ఇది కదలదు. ఇల్లు మారితే తులసిని తీసుకెళ్తారేమో గానీ కోటను ఎవరూ మోసుకెళ్లరు. ప్రపంచంలోని మొక్కల పాత్రలన్నీ ప్రయాణం కోసం పుట్టాయని చెప్పబోయే వాదానికి అడ్డుగా నిలబడేది ఇదే. అందుకే దీన్ని కుండీల లెక్కలో కాక ఇంటి కట్టడాల లెక్కలో వేయాలి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ బాల్కనీల కోసం రోడ్డు పక్కన అమ్ముతున్న అడుగున్నర ఎత్తు సిమెంటు తులసికోటలు ఆ రూపాన్ని తెచ్చుకున్నాయి, స్థిరత్వాన్ని వదిలేశాయి.

రెండోది పాలిక. పెళ్లికి ముందు అంకురార్పణలో పుట్టమన్ను పోసి నవధాన్యాలు చల్లే మట్టిమూకుడు. తిరుమల బ్రహ్మోత్సవాల ముందు రోజు సాయంత్రం శ్రీవారి సేనాధిపతి విష్వక్సేనుడు మట్టి తేవడానికి ఊరేగింపుగా వెళ్తాడు. తెచ్చిన మట్టిని పాలికల్లో పోసి విత్తనాలు వేస్తారు. తెలంగాణ తండాల్లో శ్రావణంలో చేసుకునే తీజ్ పండుగలో పెళ్లికాని ఆడపిల్లలు వెదురుబుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పచ్చగా ఎదిగిన మొలకలను ఆఖర్న నీళ్లలో కలుపుతారు. ప్రాచీన ఏథెన్సులో కూడా ఆడవాళ్లు అడోనిస్ పేరు మీద పగిలిన కుండల్లో సోంపు, ఆకుకూరల విత్తనాలు చల్లి ఇంటి కప్పు మీద పెట్టేవారు. మొలిచి వాడిపోగానే నీళ్లలో వదిలేవారు. ఏథెన్సుకూ తండాకూ చుట్టరికం కలపాల్సిన పని లేదు. రెండు చోట్లా పాత్రలో మొక్క ఉండేది కొద్ది రోజులే అన్నది మాత్రం గమనించాలి. ఈ పాత్రల్లో పెట్టిన మొక్క నూరేళ్లు ఉంటుందని ఎవరూ ఆశించలేదు.

ఆ ఆశ పడినవాళ్లలో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీని చెప్పుకోవాలి. ఆయనకు నారింజ చెట్లంటే మోజు. వెర్సాయ్‌లో చలికాలం నారింజ బతకదు. 1684, 1686 మధ్య వాస్తుశిల్పి హార్డువాన్-మాన్సార్ చేత చెట్లకు ఒక పెద్ద శీతాకాలపు భవనమే కట్టించాడు. చెట్లు నేలలో ఉంటే లోపలికి తేవడం కుదరదు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో చెక్కపెట్టె. పెట్టె పక్కలు ఊడదీసే వీలుంటుంది. ఏ చెట్టుకైనా ఆకులు పండుబారితే ఒక పక్క తీసి వేళ్లు చూసి, పాత మట్టి తోడేసి కొత్తది కూరి, మళ్లీ మూసేస్తారు. మూడు వందల ఏళ్ల తరవాత కూడా ఇంతకంటే తెలివైన కుండీ వచ్చిందని చెప్పడం కష్టం. వెర్సాయ్‌లో వెయ్యికి పైగా చెట్లు ఇప్పటికీ పెట్టెల్లోనే ఉన్నాయి. వేసవికి బయటికి, చలికి లోపలికి. నారింజకు ఇది రాజభోగం, మోసేవాళ్లకు మాత్రం వెట్టి.

సముద్రం మీద పరిస్థితి ఇంత సుఖంగా లేదు. ఉప్పుగాలి, ఎండ, మంచినీళ్ల కొరత, ఎలుకలు. చైనాలో ఉన్న బ్రిటిష్ వైద్యుడు జాన్ లివింగ్‌స్టన్ 1819లో వేసిన అంచనా ప్రకారం ఇంగ్లండుకు ఒక మొక్క ప్రాణాలతో చేరితే దాని వెనక వెయ్యి దారిలోనే పోయేవి. ఓడ మీద మొక్కలకు చేసిన ఏర్పాట్లలో అన్నిటికంటే పేరుపడింది బౌంటీ ఓడ. తాహితీ నుంచి సీమపనస మొక్కలను వెస్టిండీస్ తోటలకు చేర్చాలని బ్రిటన్ 1787లో దాన్ని పంపింది. ఓడలో అన్నిటికంటే పెద్ద గదిని కెప్టెన్ దగ్గర నుంచి తీసుకుని మొక్కలకిచ్చారు. నేల మీద ఇంకో చెక్కనేల వేసి, కుండీలు కూర్చునేలా దానికి గుండ్రని బెజ్జాలు కోశారు. కింద సీసపు రేకు పరిచి, కారిన నీళ్లు పీపాల్లోకి చేరి మళ్లీ మొక్కలకే పోసేలా గొట్టాలు పెట్టారు. కెప్టెన్ బ్లై లెక్క ప్రకారం 774 కుండీలు, 39 తొట్లు, 24 పెట్టెల్లో 1,015 మొక్కలు ఎక్కాయి. 1789 ఏప్రిల్ 28న నావికులు తిరగబడ్డారు. కెప్టెన్‌ను చిన్న పడవలో దింపేసి, తరవాత మొక్కలను సముద్రంలోకి విసిరేశారు. బ్లై మళ్లీ ఇంకో ఓడలో వెళ్లి 1793లో సీమపనస మొక్కలను వెస్టిండీస్ చేర్చాడు.

అవే రోజుల్లో మన తీరంలోనూ మొక్కల పిచ్చివాడు ఒకాయన ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి సామర్లకోటలో తోట వేసి, రాజమండ్రి కొండల్లో దొరికిన మిరియపు తీగను సాగుకు తెచ్చే ప్రయత్నం చేశాడు. 1787 ఉప్పెనలో సేకరించినవన్నీ కొట్టుకుపోయినా పట్టు వదల్లేదు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధిపతిగా వెళ్లాడు. దేశదేశాల మొక్కలు దిగే, ఎక్కే రేవుగా ఆ తోట తరవాతి వందేళ్లు పనిచేసింది.

మొక్కల చావుకు మందు దొరికింది మాత్రం లండన్‌లో, అదీ అనుకోకుండా. నథానియల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడికి పురుగుల పరిశీలన సరదా. 1829లో ఒక సీతాకోక జాతి పురుగు గూటిని తడిమట్టితో సీసాలో పెట్టి మూత బిగించాడు. పురుగు సంగతేమో గానీ ఆ మట్టిలో ఒక ఫెర్న్, ఒక గడ్డిమొక్క మొలిచాయి. లండన్ బొగ్గుపొగకు ఆయన పెరట్లో బతకని ఫెర్న్ సీసాలో దాదాపు నాలుగేళ్లు నీళ్లు పోయకుండానే బతికింది. పగలు ఎండకు తేమ ఆవిరై గాజుకు అంటుతుంది, రాత్రి నీరై మట్టిలోకి జారుతుంది. వార్డ్ గాజుపెట్టెలు చేయించి 1833లో రెంటిని మొక్కలతో సిడ్నీ పంపాడు. నెలల తరబడి ఓడ పైతట్టు మీదే ఉండి అవి పచ్చగా చేరాయి. తిరుగు ప్రయాణంలో ఆస్ట్రేలియా మొక్కలు ఎండనూ మంచునూ దాటి లండన్ వచ్చాయి.

ఆ పెట్టె సామ్రాజ్యానికి చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు. రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు గింజలను ఈ పెట్టెల్లో పట్టుపురుగుల చెట్టు మొక్కల మధ్య చల్లి, దారిలోనే మొలిపిస్తూ 1851లో కలకత్తా చేర్చాడు. బ్రెజిల్ నుంచి తెచ్చిన రబ్బరు గింజలు లండన్ దగ్గరి క్యూ తోటలో మొలిస్తే, వాటిలో 1,900 పైచిలుకు మొక్కలు 1876లో 38 పెట్టెల్లో సిలోన్ వెళ్లాయి. ఇంత పని చేస్తూనే ఆ పెట్టె ఇంకేం చేసింది? ఇంట్లోకి వచ్చింది. 1845లో బ్రిటన్ గాజు మీద పన్ను ఎత్తేయగానే మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లో నగిషీలు చెక్కిన వార్డ్ పెట్టెల్లో ఫెర్న్‌లు వెలిశాయి. ఇప్పుడు నగరాల్లో కానుకలుగా ఇచ్చుకుంటున్న టెర్రేరియం గాజుబుడ్డి ఆ ఓడ పెట్టెకు మునిమనవరాలు.

తెలుగు ఇళ్లలోకి కుండీ ఇలాంటి నగిషీలతో రాలేదు. బంగళాల్లో, కచేరీల మెట్ల మీద క్రోటన్ల కుండీలు ఉండేవి. మామూలు ఇంటికి మొదటి కుండీ కిరసనాయిలు డబ్బా, ఆ తరవాత డాల్డా డబ్బా. 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా పసుపు రంగు డబ్బాలో వచ్చేది. వనస్పతి అయిపోయాక కొన్నాళ్లు పప్పులు పోసుకుని, మూత వదులయ్యాక మేకుతో అడుగున నాలుగు పోట్లు పొడిచి మట్టి నింపేవారు. పట్నంలో అద్దె గదికి చేరిన కుటుంబాలు నేలను పోగొట్టుకుని తులసిని పోగొట్టుకోలేక చేసుకున్న ఏర్పాటిది. రెండు మూడు వానాకాలాలకు అడుగు తుప్పు పట్టి ఊడిపోయేది. అప్పటికి ఇంకో డబ్బా ఖాళీ అయ్యేది. పగిలిన కాగు, కారే బకెట్టు, పెయింటు డబ్బా, ఇప్పుడు పండ్ల దుకాణం వాళ్లు పారేసే థర్మాకోల్ పెట్టె. ఇంటి కుండీ చరిత్ర అంటే వంటింటి చెత్త చరిత్రే. దాన్ని ఎవరూ మ్యూజియంలో పెట్టలేదు గానీ పెట్టదగ్గదే.

అమెరికాలోనూ ఇదే జరిగింది, కాకపోతే వ్యాపారంగా. రెండో ప్రపంచయుద్ధం తరవాత కాలిఫోర్నియా నర్సరీలు హోటళ్లు పారేసే పెద్ద ఆహారపు డబ్బాలను పోగేసి వాటిలో మొక్కలు అమ్మాయి. తరవాత ప్లాస్టిక్ వచ్చి డబ్బాలు పోయినా వాటిని పిలిచిన గ్యాలన్ కొలత పోలేదు. ఇప్పటికీ అక్కడ ఒక గ్యాలన్ కుండీ అని అమ్మేదాంట్లో పూర్తి గ్యాలన్ పట్టదు.

మన దగ్గర ప్లాస్టిక్ యుగానికి రాజధాని కడియం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఆ గోదావరి ఒండ్రునేల పూలతోటలకు, తరవాత నర్సరీలకు కలిసొచ్చింది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టూ రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. లారీలు ఇక్కడి నుంచి దేశమంతా మొక్కలు మోస్తాయి. ఇంత వ్యాపారాన్ని నిలబెట్టింది మడతలు పడిన ఒక నల్ల పాలిథిన్ కవరు. బరువు లేదు, పగలదు, లారీలో ఒకదాని మీద ఒకటి ఒరగేస్తే రెట్టింపు పడతాయి. మట్టికుండీల్లో ఈ వ్యాపారం జరిగి ఉంటే సగం ఖర్చు రవాణాకు, పావు వంతు పెంకులకు పోయేది. పొంపే కుండకు అసలైన వారసురాలు ఈ కవరే. తేడా ఒక్కటే. ఆ కుండలోంచి వేరు బయటికి పాకింది, ఈ కవరులో దారి లేక వేరు గుండ్రంగా చుట్ట చుట్టుకుంటుంది. ఏడాది దాటిన మొక్క కవరు కోసి చూస్తే అడుగున దారపు ఉండలా వేళ్లు కనిపిస్తాయి. దాన్ని అలాగే పెద్ద కుండీలో దింపితే ఎన్ని ఎరువులు వేసినా మొక్క ఆ ఉండలోనే ఊపిరాడక ఉంటుంది.

అమెరికా తెలుగువాళ్ల ఇళ్లలో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. న్యూజెర్సీలోనో షికాగోలోనో కరివేపాకు మొక్క ఉన్న ఇంట్లో అక్టోబరు వస్తే ఒక తంతు. కుండీని చక్రాల పీట మీదకు ఎక్కించి, కిటికీ పక్కకు తోసి, మే నెల దాకా కాపాడాలి. నారింజ, కరివేపాకు రెండూ రూటేసీ కుటుంబమే. లూయీ రాజు తోటమాలులు చేసిన పనినే మన అత్తయ్యలూ పిన్నులూ చేస్తున్నారు, భవనం లేకుండా. నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియాల్లో తెగులు కట్టడి ప్రాంతాల నుంచి కరివేపాకు మొక్కను బయటికి పంపడంపై ఆంక్షలున్నాయి. పోపులోకి రెండు రెమ్మల కోసం పెంచే మొక్క ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి ఎక్కింది.

హైదరాబాద్, విజయవాడల్లో గత పదిహేనేళ్లలో పెరిగిన మిద్దెతోటలు మళ్లీ కదలని పాత్ర వైపు చూశాయి. కథారచయిత తుమ్మేటి రఘోత్తమ రెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మీద వేసిన తోటతో ఆ మాటను ఊరూరా చేర్చారు. ఆయన మొగ్గు చూపింది ఇటుకలతో కట్టిన మడుల వైపు. తులసికోట మిద్దె ఎక్కిందన్నమాట. నేల మడికి బరువు చింత లేదు, మిద్దె మడికి ఉంది. ఒక చదరపు మీటరు మేర అడుగు లోతు తడిమట్టి నింపితే దాదాపు 500 కిలోలు తూగుతుంది. మనుషులు తిరిగే మిద్దెలకు భారతీయ ప్రమాణాల్లో లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలే. అందుకే తెలిసినవాళ్లు మడులను దూలాల మీదుగా, గోడల వార కడతారు. మట్టిలో కొబ్బరిపొట్టు, కంపోస్టు కలిపి తేలిక చేస్తారు. ఇంజనీరును ఒక్కమాట అడగడం నామోషీ కాదు.

కాబట్టి కుండీ కొనే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న మట్టిదా, ప్లాస్టిక్‌దా అన్నది కాదు. ఇది కదలాలా, వద్దా? ఏడాదికో ఇల్లు మారేవాళ్లకు గుడ్డ గ్రోబ్యాగులు, తేలికపాటి ప్లాస్టిక్ తొట్లు మేలు. గుడ్డసంచి అంచుకు చేరిన వేరు గాలి తగిలి ఆగిపోతుంది కాబట్టి చుట్ట చుట్టుకోదు. సొంత ఇల్లయితే మట్టికుండీకి సాటి లేదు. దాని ఒళ్లంతా నీటిని వదులుతుంది కాబట్టి వేరు చల్లగా ఉంటుంది, బదులుగా ఎండాకాలం రెండు పూటలా నీళ్లడుగుతుంది. ఎండ నేరుగా పడే మిద్దె మీద నల్ల ప్లాస్టిక్ వద్దు, వేళ్లు ఉడుకుతాయి. ఆకుకూరలకు జానెడు లోతు చాలు, వంగకూ టమాటాకూ అడుగు, నిమ్మకూ కరివేపాకుకూ సగానికి కోసిన నీలం డ్రమ్ము. చిల్లు మీద ఒక పెంకుముక్క బోర్లిస్తే సరిపోతుంది. అడుగున గులకరాళ్లు పోయడం వల్ల నీరు త్వరగా దిగదు. పైనున్న సన్నమట్టి తడిసి ముద్దయ్యేదాకా నీరు రాళ్లలోకి జారదు, వేరుకు దక్కాల్సిన లోతు తగ్గడమే మిగులుతుంది. నర్సరీ కవరును మాత్రం బ్లేడుతో నిలువునా కోసి తీసేయండి, అడుగున చుట్టుకున్న వేళ్లను కాస్త విడదీసి నాటండి.